చీకట్లో రంగులు ఎక్కడికి పోతాయి? తరచుగా అడిగే ప్రశ్నలు

డాబా మీద పడుకుని ఆకాశం చూసేవాళ్లూ, కరెంటు పోతే అగ్గిపెట్టె కోసం తడుముకునేవాళ్లూ, సందేళ కొట్టుకెళ్లి చీర కొని మర్నాడు ఇంట్లో మాట పడ్డవాళ్లూ అడిగే ప్రశ్నలివి. విజయనగరంలో మా వీధివాళ్లవి కొన్ని, పలాస వైపు చుట్టాలవి కొన్ని. వరుసగా చదవక్కర్లేదు. మొదటి రెండూ మాత్రం చదివితే మిగతావి తేలిగ్గా తలకెక్కుతాయి.

కరెంటు పోయాక మంచం, తలుపు, మనుషులు లీలగా కనిపిస్తూనే ఉంటారు. రంగులే ఎందుకు కనిపించవు?

కంటి వెనక రెటీనాలో వెలుతురును పట్టే కణాలు రెండు రకాలు. బడిలో దండాలు, కోనులు అని బట్టీపట్టాం చూడండి, అవే. ఒక్కో కంట్లో కోనులు 50, 60 లక్షలుంటే దండాలు 9 నుంచి 12 కోట్లు. అయినా పగలంతా మనల్ని నడిపించేవి ఆ కొద్దిపాటి కోనులే. అక్షరాలు చదవడం, మొహాలు గుర్తుపట్టడం, టమాటా పండిందా దోరగా ఉందా అని చూడటం, అన్నీ వాటి పనే. కాకపోతే వాటికి వెలుతురు దండిగా కావాలి. మసకబడేకొద్దీ అవి వెనక్కి తగ్గుతాయి, దండాలు పని అందుకుంటాయి. దండాలకు ఆకారం తెలుస్తుంది, కదలిక తెలుస్తుంది, రంగు తెలియదు. మీ దుప్పటి ఎర్రరంగు ఎక్కడికీ పోలేదు, దాన్ని చదివే కణాలు పని ఆపేశాయంతే.

అన్ని కోట్ల దండాలున్నాయి కదా, ఒక్కదానికైనా రంగు తెలియదా?

ఎన్ని ఉన్నా అన్నీ ఒకే రకం కావడమే చిక్కు. కోనుల్లో మూడు రకాలున్నాయి. వెలుతురు తరంగాల పొడవును నానోమీటర్లలో కొలుస్తారు, ఆ పొడవును బట్టే రంగు. ఒక రకం 560 నానోమీటర్ల తరంగాల దగ్గర, రెండోది 530 దగ్గర, మూడోది 420 దగ్గర బాగా స్పందిస్తుంది. ఒకే వెలుతురుకు మూడూ ఎంతెంత స్పందించాయో పోల్చి చూసుకుని మెదడు "ఇది పసుపు", "ఇది నీలం" అని తేలుస్తుంది. దండాల్లో ఉండేది రొడాప్సిన్ అనే ఒకే పదార్థం, అది 500 నానోమీటర్ల దరిదాపుల్లో బాగా పనిచేస్తుంది. దాని మీద కొంచెం ఆకుపచ్చ వెలుతురు పడినా, బాగా ఎక్కువ నారింజ వెలుతురు పడినా బయటికొచ్చే సంకేతం ఒకటే కావచ్చు. సిరిమానోత్సవం రోజు బస్టాండులో దిగినవాళ్లను ఒకే గేటు దగ్గర నిలబడి లెక్కపెడితే ఎంతమంది వచ్చారో చెప్పగలం గానీ బొబ్బిలివాళ్లెవరో, గజపతినగరంవాళ్లెవరో చెప్పలేం. దండాలదీ అదే పరిస్థితి. ఎంత వెలుతురు వచ్చిందో లెక్క చెబుతాయి, ఎలాంటిది వచ్చిందో చెప్పలేవు.

మరి వెన్నెల్లో నాకు చీర రంగు కొంచెం తెలుస్తుందండి. నా కళ్లు అంత మంచివా?

మంచివే అయ్యుంటాయి, కానీ అది మీ ఒక్కరి గొప్పా కాదు. కోనులు ఆగిపోవడానికీ దండాలు మొదలవడానికీ మధ్య గోడలాంటిదేమీ లేదు, రెండూ కలిసి పనిచేసే మసక దశ చాలా పెద్దది. వెలుతురును కొలిచే లెక్క లక్స్. ఎర్రటి ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది. ట్యూబ్‌లైటు వేసిన హాల్లో వంద, రెండొందలు. నిండు పున్నమి నడినెత్తిన ఉన్నప్పుడు నేల మీద పడేది 0.1 నుంచి 0.3 లక్స్ అంతే. అమాస రాత్రి, మబ్బుల్లేని ఆకాశం కింద, ఊరి దీపాలు కూడా లేకపోతే అంతకన్నా వంద వంతులకు పైగా తక్కువ. ఇంత తేడానూ ఒకే కన్ను మోస్తోంది! పున్నమి వెలుతురు ఆ మసక దశలోనే ఉంటుంది కాబట్టి ముదురు రంగు, పెద్ద వస్తువు, దగ్గరగా ఉంటే కొంచెం రంగు తెలుస్తుంది. చిన్న పువ్వులు, లేతరంగులు తెలియవు. ఇంకో సంగతి, చీర ఏ రంగుదో మీకు ముందే తెలుసు, ఆ తెలివిడి కూడా చూపులో కలిసిపోతుంది. పక్కింటివాళ్ల చీర తెప్పించి చూడండి, అప్పుడు తెలుస్తుంది అసలు సంగతి.

సందేళ మందార పువ్వు నల్లబడిపోతుంది, ఆకులు మాత్రం తెల్లగా తేలి కనిపిస్తాయి. ఇదేటండి?

ఈ ప్రశ్న అడిగినవాళ్లకు దండం పెట్టాలి. రెండొందల ఏళ్ల కిందట ఒక పెద్ద శాస్త్రవేత్త గమనించిన సంగతి ఇది. చెక్ దేశపు శరీరధర్మ శాస్త్రవేత్త యాన్ పుర్కిన్యే 1825లో అచ్చయిన తన పుస్తకంలో రాశాడు: తెలవారుజామున ముందుగా నీలం కనిపిస్తుంది, పగలు అన్నిటికంటే మెరిసే ఎరుపే అప్పుడు అన్నిటికంటే నల్లగా ఉంటుంది అని. దీన్ని ఇప్పటికీ ఆయన పేరుతోనే పుర్కిన్యే ప్రభావం అంటారు.

కారణం ఇదీ. పగటి చూపుకు అన్నిటికంటే కాంతివంతంగా తోచేది 555 నానోమీటర్ల దగ్గరిది, అంటే పసుపు కలిసిన ఆకుపచ్చ. రాత్రి చూపుకు 507 దగ్గరిది, అంటే నీలం వైపు జరిగిన ఆకుపచ్చ. దండాలకు ఎరుపు దాదాపు కనిపించదు. అందుకని మందారం మీంచి వచ్చే ఎర్రటి వెలుతురు వాటి లెక్కలో లేనట్టే, పువ్వు నల్లటి ముద్దగా మిగులుతుంది. ఆకులు ఆకుపచ్చ తరంగాలను వెనక్కి పంపుతాయి, అవి దండాలకు అందుతాయి, కాబట్టి ఆకులు బూడిదరంగులో తేలుతాయి. పట్టపగలు పువ్వే ముందు కంటబడుతుంది, మసకలో ఆకులు ముందు కంటబడతాయి.

దీన్ని చూడటానికి మన వైపు ఒక ఇబ్బందుంది. సూర్యుడు కుంకాక సందె వెలుగు ఎక్కువసేపు నిలవదు. ఉత్తర యూరప్‌లో వేసవిలో గంటల తరబడి సాగే మసక, శ్రీకాకుళంలో ముప్పావుగంటలో దాదాపు అయిపోతుంది. డిసెంబరులో అయితే ఐదున్నరకే సూర్యుడు వెళ్లిపోతాడు. కాబట్టి టీ తాగి వద్దాంలే అనుకోకుండా కుర్చీ వేసుకుని మొక్క ముందే కూర్చోండి, ఫోన్ లోపల పెట్టి మరీ. కోడిగుడ్డు పచ్చసొన రంగు బంతిపూలకన్నా ముదురెరుపు మందారంతోనే తేడా బాగా తెలుస్తుంది.

చీకటికి కళ్లు అలవాటు పడటానికి ఎంతసేపు పడుతుంది?

మీరనుకునేదానికన్నా చాలా ఎక్కువ. సినిమా హాల్లోకి వెళ్లాక రెండు నిమిషాల్లో సీటు కనిపిస్తుంది కాబట్టి అంతటితో అయిపోయిందనుకుంటారు. మొదటి ఐదు పది నిమిషాల్లో సర్దుకునేవి కోనులు. వాటి ఓపిక అక్కడితో సరి. ఆ తర్వాత అసలు చీకటి చూపు, దండాలది, మెల్లగా పుంజుకుంటుంది. అరగంటకు బాగా వస్తుంది, ఆ తర్వాత కూడా ఇంకొంచెం పెరుగుతుంది.

కంటిపాప పెద్దదవడం వల్లే ఇదంతా అని చాలామంది అంటారు. పాప 2 మిల్లీమీటర్ల నుంచి 8 దాకా విచ్చుకున్నా లోపలికొచ్చే వెలుతురు 16 రెట్లే పెరుగుతుంది. కంటి సున్నితత్వం పెరిగేది లక్షల రెట్లు. అసలు పని జరిగేది దండాల లోపల. గట్టి వెలుతురు తగిలినప్పుడు రొడాప్సిన్ విరిగిపోతుంది, చీకట్లో మళ్లీ తయారవుతుంది, ఆ తయారీ నిదానం. అందుకే అరగంట కూర్చుని తెచ్చుకున్న చూపును వాట్సాప్ మెసేజ్ ఒక్క క్షణంలో పాడుచేస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చి ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేనప్పుడు, చీకట్లోనే పెరటి బావి దాకా వెళ్లొచ్చేవాళ్లం అని మా చుట్టాలు ఇప్పటికీ చెబుతారు. వాళ్ల కళ్లు మారిపోలేదు. మధ్యమధ్యలో బల్బు వేసి చెడగొట్టేవాళ్లు లేరు, అంతే.

ఆకాశం చూసేవాళ్లు ఎర్ర టార్చే ఎందుకు వాడతారు?

మందారం సంగతే మళ్లీ. ఎర్ర వెలుతురు దండాలకు పెద్దగా తగలదు కాబట్టి రొడాప్సిన్ మిగిలి ఉంటుంది, కోనులతో మాత్రం పటం చదువుకోవచ్చు. టార్చికి ఎర్ర జిలుగు కాగితం రెండు మూడు మడతలు వేసి రబ్బరుబ్యాండు చుడితే చాలు, కొనక్కర్లేదు. వెలుతురు తక్కువగా ఉండాలి సుమా. ఎరుపే కదా అని కళ్లు జిగేల్‌మనేంత వేస్తే దండాలూ దెబ్బతింటాయి.

సన్నటి నక్షత్రం వైపు సూటిగా చూస్తే మాయమైపోతోంది, పక్కకు చూస్తే వస్తోంది. నాకేమైనా జబ్బా?

కాదు. రెటీనా నట్టనడుమ, మనం దేన్నైనా తదేకంగా చూసినప్పుడు దాని బొమ్మ పడే చోట, నిండా కోనులే ఉంటాయి, దండాలు ఒక్కటీ ఉండదు. పగలు అదే అన్నిటికన్నా పదునైన చోటు, చీకట్లో అదే గుడ్డిది. దండాలు బాగా దట్టంగా ఉండేది దానికి కొంచెం దూరంలో. కాబట్టి సన్నటి దాన్ని చూడాలంటే దాని పక్కనున్న దాన్ని చూడాలి. కృత్తికల మీద చేసి చూడండి: సూటిగా చూస్తే కొన్ని చుక్కలు, చూపు కొంచెం పక్కకు తిప్పితే ఇంకొన్ని వచ్చి చేరతాయి. కళింగపట్నం బీచ్‌లో దీపాలకు దూరంగా నడిచి వెళ్లి చూస్తే ఇది భలేగా తెలుస్తుంది.

చీకట్లో గోడ మీద తెల్లచొక్కాను దయ్యమనుకుని తేరిపార చూస్తే అది అదృశ్యమైపోయే కథలు మన ఊళ్లలో బోలెడు. సగం కథలకు మూలం ఇక్కడే ఉందని నా అనుమానం.

చీకట్లో రంగు తెలియదంటున్నారు, మరి ఆర్ద్ర నక్షత్రం ఎర్రగానే కనిపిస్తోందిగా?

నక్షత్రం చుట్టూ చీకటి ఉండొచ్చు గానీ దాని వెలుతురంతా రెటీనా మీద ఒక్క చుక్కలో పడుతుంది. ఆ చుక్కలో ఉన్న కోనులకు అది చాలు. ఆర్ద్ర, జ్యేష్ఠ, కుజుడు ఎర్రగా తెలిసేది అందుకే. సన్నటి నక్షత్రాలకూ రంగులుంటాయి, కోనుల్ని తట్టిలేపేంత వెలుతురు లేక అన్నీ తెల్లగా తోస్తాయి. ఓరియన్ నీహారికను టెలిస్కోపులో చూపిస్తే పిల్లలు "ఇంతేనా, బూడిదలా ఉంది" అని నిరాశపడతారు. ఫొటోల్లో గులాబీ రంగు చూసి వస్తారు మరి.

ఫోన్ నైట్ మోడ్‌లో రంగులు వస్తాయి. కంటికన్నా ఫోన్ నయమా?

ఫోన్‌కు తీరిక ఎక్కువ. అది రెండు మూడు సెకన్లు, ట్రైపాడ్ మీదైతే ఇంకా ఎక్కువసేపు వెలుతురు పోగుచేసుకుని ఒక్క బొమ్మ కడుతుంది. కన్ను మసకలో సెకనులో పదోవంతు దాకా పోగుచేసి వెంటనే తరవాతి దానికి వెళ్లిపోవాలి, లేకపోతే ఎదురొచ్చే ఆబోతు మనకు మర్నాడు కనిపిస్తుంది. పైగా ఫోన్ సెన్సారు మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం జల్లెడలు రాత్రీ పగలూ అలాగే ఉంటాయి, దానికి దండాల్లాంటి రెండో ఏర్పాటు లేదు.

వెన్నెల నీలంగా ఉంటుందా నిజంగా?

ఉండదు. అది చంద్రుడి మీద పడి వచ్చిన ఎండే, అసలు ఎండకన్నా కొంచెం ఎరుపు వైపే ఉంటుంది. మనకు నీలంగా అనిపించడానికి దృష్టి శాస్త్రంలో ఎక్కువగా చెప్పే వివరణ ఏమిటంటే, దండాలకు మెదడు దాకా వేరే దారి లేదు, కోనుల సంకేతాలు వెళ్లే దారుల్లోనే వాటివీ వెళతాయి, ఆ కలగాపులగంలో నీలపు ఛాయ తోస్తుంది. సినిమాల్లో రాత్రి సీన్లకు నీలం లైట్లు వేసి వేసి ఆ నమ్మకాన్ని ఇంకా గట్టి చేశారు.

సాయంత్రం కొట్లో కొన్న చీర, బ్లౌజు చక్కగా కలిశాయి. పొద్దున చూస్తే ఎక్కడా కలవలేదు. ఇది కూడా దండాల వల్లేనా?

కాదు. కొట్లో వెలుతురు బాగానే ఉంటుంది, కోనులే పనిచేస్తాయి. తేడా దీపంలో ఉంది. ఎండలో అన్ని రంగుల తరంగాలూ ఉంటాయి, కొన్ని దీపాల్లో కొన్ని తక్కువ. ఒక దీపం కింద ఒకేలా కనిపించిన రెండు అద్దకాలు ఇంకో వెలుతురులో విడిపోతాయి. పాత వీధుల్లో నారింజరంగు సోడియం దీపాలుండేవి గుర్తుందా, వాటి కింద ఎర్ర స్కూటరు, నీలం స్కూటరు రెండూ మట్టిరంగులో కనిపించేవి. వెలుతురు ఎంత ఉన్నా దాంట్లో లేని రంగును వస్తువు వెనక్కి పంపలేదు. పొందూరు ఖాదీ పంచె మాత్రం ఏ దీపం కిందైనా తెల్లగానే అనిపిస్తుంది. దాని మీద పడే వెలుతురు పసుపైనా, మెదడు ఆ పసుపును తీసేసి చూపిస్తుంది. మ్యాచింగ్ కావాలంటే కొట్టు గుమ్మం దాకా వచ్చి పగటి వెలుతురులో చూడండి, ఏమీ అనుకోరు, రోజూ అందరూ చేసేదే.

రాత్రిపూట రోడ్డు మీద నడిచేవాళ్లు ఏ రంగు వేసుకోవాలి?

రంగును నమ్ముకోవద్దు. సందె మసకలో, లైట్లు లేని పొలం దారిలో, ఎర్ర చొక్కా దాదాపు నల్ల చొక్కాతో సమానం. "ఎరుపు ప్రమాదానికి గుర్తు కదా" అంటారు, అది పగటికీ, వెలిగే దీపానికీ పనికొచ్చే మాట. మెరిసే పసుపుపచ్చ జాకెట్లు సందె వెలుగులో బాగా పనిచేస్తాయి, ఎందుకంటే ఆకాశం నుంచి వచ్చే అతినీలలోహిత కిరణాలను కూడా అవి కనిపించే వెలుతురుగా మార్చుకుంటాయి. పూర్తిగా చీకటి పడ్డాక ఆ మెరుపు కూడా ఉండదు. అప్పుడు పనికొచ్చేది హెడ్‌లైటు వెలుతురును వచ్చిన దారినే తిప్పికొట్టే రిఫ్లెక్టర్ పట్టీ. ఎచ్చెర్ల నుంచి టెక్కలి దాకా హైవే మీద రాత్రి నడిపేవాళ్లను అడగండి, వెనక పట్టీ లేని ట్రాక్టరు తొట్టి అంటే ఎంత టెన్షనో చెబుతారు. అది ఏ రంగు తొట్టో ఎవరికీ పట్టదు.

మా అబ్బాయికి చీకటి పడితే అసలు కనిపించదంటున్నాడు. మీరు చెప్పినదాని ప్రకారం అందరికీ అంతే కదా?

కాదు, ఇక్కడ జాగ్రత్త. చీకట్లో రంగు తెలియకపోవడం అందరికీ ఉన్నదే. కానీ ఒకే మసకలో మీరు హాయిగా నడిచి వెళుతుంటే పక్కనున్న పిల్లాడు గడప తట్టుకుని పడుతున్నాడంటే, పళ్లెం కోసం తడుముకుంటున్నాడంటే, అది రేచీకటి కావచ్చు. "చీకట్లో ఎవరికి మాత్రం కనిపిస్తుందిరా" అని కసురుకుని ఊరుకోవడమే మన ఇళ్లలో జరిగే పెద్ద పొరపాటు అని నా అభిప్రాయం.

రొడాప్సిన్ తయారు కావడానికి విటమిన్ ఎ కావాలి. ఈ సంబంధాన్ని రసాయనికంగా విప్పి చెప్పిన జార్జ్ వాల్డ్‌కు 1967లో నోబెల్ బహుమతి పంచి ఇచ్చారు. విటమిన్ తగ్గితే ముందు దెబ్బతినేది చీకటి చూపే, అలాగే వదిలేస్తే కంటి తెల్లగుడ్డు పొడిబారి, నల్లగుడ్డు దాకా పాడవుతుంది. అందుకే మన దేశంలో 1970 నుంచి పిల్లలకు విటమిన్ ఎ ద్రావణం పోస్తున్నారు: 9 నెలలకు లక్ష యూనిట్లు, ఆ తర్వాత ఆరు నెలలకోసారి 2 లక్షలు, ఐదేళ్లు నిండేలోపు మొత్తం 9 సార్లు. ఏఎన్ఎమ్ వచ్చినప్పుడు కార్డు చూపించి అడగండి. తిండిలో ములగాకు, తోటకూర, బొప్పాయి, మామిడిపండు, గుడ్డు, పాలు. మంచిదే కదా అని మందుల షాపులో మాత్రలు కొని సొంతంగా మింగించకండి, ఈ విటమిన్ ఎక్కువైతే విషమే, గర్భిణులకు మరీ ప్రమాదం.

విటమిన్ ఒక్కటే కారణం కాదు. దూరంగా ఉన్నవి సరిగ్గా కనిపించని లోపానికి (హ్రస్వదృష్టి) సరైన అద్దాలు లేకపోయినా రాత్రి ఇబ్బందిగానే ఉంటుంది. రెటినైటిస్ పిగ్మెంటోసా అనే వంశపారంపర్య జబ్బులో దండాలు ఏళ్ల మీద చచ్చిపోతాయి, ముందు రేచీకటి వస్తుంది, తర్వాత చూపు చుట్టుపక్కల నుంచి కుంచించుకుపోతుంది. మేనరికాలు ఎక్కువగా చేసుకునే కుటుంబాల్లో ఇలాంటి జబ్బుల అవకాశం పెరుగుతుంది. ఇది ములగాకుతో పోయేది కాదు, కంటి డాక్టరు రెటీనా చూడాలి.

అమ్మమ్మ రాత్రిపూట మాత్రలు తారుమారు చేస్తోంది. రంగు చూసి వేసుకోమని చెప్పాం.

రంగు చెప్పడమే తప్పయింది. వయసు మీదపడ్డాక కంటిపాప చీకట్లో కూడా పెద్దగా విచ్చుకోదు, లోపలి కటకం పసుపుబారి నీలాన్ని మింగేస్తుంది, చీకటికి అలవాటు పడటానికి కూడా ఎక్కువసేపు పడుతుంది. బెడ్‌లైటు వెలుతురులో లేత నీలం మాత్ర, లేత ఆకుపచ్చ మాత్ర ఆవిడకు ఒకటే. పొద్దున, రాత్రి అని గదులున్న డబ్బా కొనివ్వండి, పెద్ద లైటు వేసి ఇవ్వండి. శుక్లాల ఆపరేషన్ అయినవాళ్లు "నీలం ఇంత నీలంగా ఉంటుందా" అని ఆశ్చర్యపోయేది ఆ పసుపు కటకం తీసేసినందువల్లే.

పిల్లికి, బల్లికి చీకట్లో రంగులు తెలుస్తాయా?

పిల్లి, ఆవు, కుక్క కళ్లు టార్చి వేస్తే మెరుస్తాయి. రెటీనా వెనక అద్దంలాంటి పొర ఉండి, తప్పించుకున్న వెలుతురును మళ్లీ లోపలికి పంపుతుంది. దానివల్ల చీకట్లో బాగా కనిపిస్తుంది గానీ రంగులు రావు. బల్లి జాతిలో మాత్రం ఘనులున్నారు. హెల్మెట్ గెకో అనే రాత్రిబల్లి మసక వెన్నెల్లో కూడా రంగులు గుర్తుపడుతుందని 2004లో స్వీడన్ శాస్త్రవేత్తలు తేల్చారు, రంగు చూసే హద్దు దగ్గర దాని కన్ను మనకన్నా 350 రెట్లు సున్నితం. అంతకు రెండేళ్ల ముందే ఒక రకం చిమ్మెట నక్షత్రాల వెలుతురులో పూల రంగు పోలుస్తుందని తేలింది. చీకట్లో రంగు చూడటం అసాధ్యమేమీ కాదు, మన కన్ను ఆ దారి పట్టలేదంతే.

పిల్లలతో ఇంట్లో చేయించే ప్రయోగం ఏదైనా చెప్పండి.

గ్లేజు కాగితాలు ఎరుపు, నారింజ, పసుపు, ఆకుపచ్చ, నీలం తెచ్చి ఒకే సైజులో కత్తిరించి, వెనక నంబర్లు వేసి కలిపేయండి. వెన్నెల రాత్రి డాబా ఎక్కి, లైట్లన్నీ ఆర్పి, ఓ అరగంట కబుర్లు చెప్పుకున్నాక ఒక్కో ముక్కా చూపించి రంగు ఊహించి రాయమనండి. తెల్లటి దాని నుంచి నల్లటి దాని దాకా వరుసగా పేర్చమనండి కూడా. పగలు పేర్చిన వరుసకూ దీనికీ ఎరుపు, నీలం దగ్గర తేడా వస్తుంది. రాయడానికి నల్ల స్కెచ్‌పెన్ను ఇవ్వండి, అక్షరాలు పెద్దగా. ఎర్ర పెన్ను మాత్రం ఇవ్వకండి, ఎర్ర టార్చి వేసి చూస్తే తెల్లకాగితం మీద రాసిందంతా కనిపించకుండా పోతుంది, ఆనక జవాబులు ఎవరివి ఒప్పు అని కొట్టుకుంటారు.